మట్టి ఓవెన్ చుట్టూ బూడిద: ఇప్పటిదాకా అయిన పని

వేడిని ఆపే పొరగా అటకంతా కట్టెల బూడిదతో నింపాలన్నది మొదటి ప్లాన్. లెక్క వేశాక ఆ ముచ్చట తీరిపోయింది. 100 కిలోల కట్టెలు కాలిస్తే మిగిలేది సుమారు కిలో బూడిద. మూడేళ్లుగా డబ్బాల్లో దాచింది కొలిస్తే 10 లీటర్ల బకెట్‌తో 12 బకెట్లే తేలింది. అటకకు ఊక చాలు. బూడిద కాలదు కాబట్టి దాన్ని ఓవెన్‌కే ఉంచాను: మట్టి డోమ్‌కీ బయటి ఇటుక గోడకీ మధ్య బెత్తెడు సందు, అందులో బూడిద.

దోమల మెష్ మీద జల్లించాను. మేకులు సరే, బొగ్గు ముక్కలు కూడా ఏరేయాలి, అవి లోపల రాజుకుంటాయి. మూడు రోజుల కిందటి డబ్బాలో పుల్ల పెట్టి కెలికితే అడుగున ఎర్రగా నిప్పు! నివురుగప్పిన నిప్పంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. ఇప్పుడు మూతున్న రేకు డబ్బాలో, రాతి మీద కనీసం వారం ఉంచాకే ముట్టుకుంటున్నాను. మాస్క్ పెట్టుకున్నాను గానీ గ్లవ్స్ మర్చిపోయాను. సాయంత్రానికి వేళ్ల కొనలు బీటలు వారాయి, క్షారం మరి.

అసలు పొరపాటు తొందర. డోమ్ పైకి పొడిగా కనిపించిందని నింపేశాను. రెండుసార్లు మంట పెట్టేసరికి మట్టిలోని తేమంతా బూడిద పీల్చుకుంది. తెరిచి చూస్తే గోడవారన గట్టి పెళ్లలు. ముందుజాగ్రత్తగా డోమ్‌కి చుట్టిన అల్యూమినియం ఫాయిల్ జల్లెడలా తూట్లు పడి, పట్టుకుంటే పొడైపోయింది. తడి బూడిద అల్యూమినియాన్ని తినేస్తుందని ముందే తెలిస్తే ఆ ఖర్చు తప్పేది. అంతా గీకి తీయడానికి ఒక ఆదివారం పోయింది.

తర్వాత నెలపాటు రోజూ చిన్న మంటలు పెట్టి డోమ్ ఆరబెట్టాను. చల్లటి అద్దం పలక పైన ఆనిస్తే చెమ్మ పట్టడం మానేశాకే మళ్లీ నింపాను, ఈసారి ఫాయిల్ లేకుండా. కూరలేదు. వేడిని ఆపేది రేణువుల మధ్య ఉన్న గాలే, కూరితే అది పోతుంది. గోడని చెక్క సుత్తితో మెల్లగా తట్టానంతే. అయినా వారానికి మూడు వేళ్ల మందం దిగింది. మళ్లీ పోయడానికి వీలుగా పైన మూత ఊడదీసేలా పెట్టాను.

మొన్న రాత్రి 8 గంటలకు మంట ఆపి తలుపు పెట్టాను. పొద్దున 8కి లోపల 115 డిగ్రీలు. బూడిద లేనప్పుడు ఇదే సమయానికి 70 దాటలేదు. బయటి గోడ గోరువెచ్చగా ఉంది, ఒక్క పొగగొట్టం దగ్గర తప్ప. అక్కడ సందు సన్నగా ఉంది, ఒక ఇటుక వరుస విప్పాలి.