పదకొండు లైన్ల ఫైలుకు కామెంట్లు రాసుకోవలసి వచ్చింది

మా సర్వర్‌లో ప్రతి రాత్రి రెండు గంటలకు ఒక క్రాన్ జాబ్ (నిర్ణీత సమయానికి దానంతట అదే మొదలయ్యే పని) నడిచేది. గడువు ముగిసిన సెషన్ రికార్డులను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ఒక టేబుల్‌లోంచి తీసేయడం దాని పని. పోస్ట్‌గ్రెస్‌ను 9.5 నుంచి 9.6కు మార్చిన కొన్ని వారాలకు ఆ టేబుల్ విపరీతంగా పెరిగిపోయిందని తెలిసింది. లాగ్ తెరిచి చూస్తే ఏ రాత్రికి ఆ రాత్రి ‘డిలీట్’ అన్న మాట, దాని పక్కన తీసేసిన రికార్డుల సంఖ్య పొందికగా నమోదై ఉన్నాయి, ఒక్క ఎర్రర్ కూడా లేదు. అయితే ఆ సంఖ్య రోజురోజుకూ పెరుగుతూ పోయింది. నిన్న తీసేసిన రికార్డులనే ఈ రోజు మళ్లీ తీసేస్తున్నామని గ్రహించడానికి నాకు అరపూట పట్టింది.

తప్పు నాదే. ఆ జాబ్ నడిచే యూజర్ హోమ్ డైరెక్టరీలో అంతకు చాలాకాలం ముందు నేనే ఒక .పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ ఫైలు పెట్టాను. పోస్ట్‌గ్రెస్‌కు కమాండ్లు పంపే పీఎస్‌క్యూఎల్ ప్రోగ్రామ్ మొదలవుతూనే చదివే సెట్టింగుల ఫైలు అది. అందులో ఆటోకమిట్‌ను, అంటే ప్రతి మార్పూ వెంటనే దానంతట అదే ఖాయం కావడాన్ని, ఆఫ్ చేశాను. చేత్తో అప్‌డేట్ కొట్టేటప్పుడు ఏ రికార్డులను మార్చాలో చెప్పే ‘వేర్’ మరిచిపోతే రోల్‌బ్యాక్ చేసుకునే, అంటే మార్పును వెనక్కి తీసుకునే వీలుండాలన్నది అప్పటి నా ముందుచూపు. 9.5 వరకు మైనస్ సీ ఆప్షన్‌తో ఒక్క కమాండ్ ఇచ్చి పీఎస్‌క్యూఎల్‌ను పిలిస్తే అది ఈ ఫైలును చదివేది కాదు. 2016లో వచ్చిన 9.6 నుంచి ఆ మినహాయింపును ఎత్తేశారు. ఆ సంగతి రిలీజ్ నోట్స్‌లో స్పష్టంగానే ఉంది, నేను దాన్ని చదివింది మాత్రం అంతా అయిపోయాక. క్రాన్ జాబ్ డిలీట్ చేసేది, మార్పును ఖాయం చేసే కమిట్ లేకుండానే సెషన్ ముగిసేది, సర్వర్ ఆ మార్పును మారుమాట లేకుండా వెనక్కి తీసుకునేది.

ఫైలు తెరిస్తే పదకొండు లైన్లున్నాయి, ఒక్క కామెంట్ లేదు. వాటిలో నాలుగింటిని ఎందుకు పెట్టానో పెట్టిన నాకే గుర్తు రాలేదు. ఆ లైన్లు ఏం చేస్తాయో మాన్యువల్ చూస్తే తెలుస్తుంది, ఎవరి కోసం, ఏ ఇబ్బంది వల్ల పెట్టామో మాత్రం మనం రాసి పెట్టుకుంటే తప్ప ఎక్కడా దొరకదు.

ముందుగా ఈ ఫైలు ఎప్పుడు, ఏ వరసలో చదవబడుతుందో రాసుకున్నాను. పీఎస్‌క్యూఎల్ మొదట డేటాబేస్‌కు కనెక్ట్ అవుతుంది, ఆ తరువాత సర్వర్‌లో అందరికీ ఉమ్మడిగా ఉండే పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీని, దాని వెనుక మన హోమ్ డైరెక్టరీలోని ఫైలును చదివి, అప్పుడు గాని మనకు ప్రాంప్ట్ (కమాండ్ టైపు చేసే చోటు ముందు కనబడే గుర్తు) ఇవ్వదు. కనెక్షన్ ముందే అయిపోతుంది కాబట్టి హోస్ట్, యూజర్, పాస్‌వర్డ్ వంటివి ఇందులో రాయడం వృథా. పాస్‌వర్డ్ ఉండవలసింది .పీజీపాస్ ఫైలులో, దానికి 0600 పర్మిషన్ (యజమాని ఒక్కరే చదివి, రాయగలిగేది) ఉండాలి, లేకపోతే పీఎస్‌క్యూఎల్ ఒక హెచ్చరిక చెప్పి దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఇక హోమ్ డైరెక్టరీలో పేరు చివర వెర్షన్ నంబర్ ఉన్న ఫైలు, ఉదాహరణకు .పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ-12 అన్నది ఉంటే, ఆ వెర్షన్ పీఎస్‌క్యూఎల్ మామూలు ఫైలును వదిలి దాన్నే చదువుతుంది. ఇక్కడ వెర్షన్ అంటే క్లయింట్‌ది, అంటే పీఎస్‌క్యూఎల్‌ది, సర్వర్‌ది కాదు. మరో మెషిన్‌లో నేను గంటసేపు ఫైలును మార్చి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి చూసినా ఏ మార్పూ కనబడకపోవడానికి ఎప్పుడో పెట్టి మరిచిపోయిన అలాంటి ఫైలే కారణం. ఇంకా ఒక దారి ఉంది: పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ అన్న పేరుతోనే, పెద్ద అక్షరాల్లో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి ఉంటే హోమ్ డైరెక్టరీ ఫైలు బదులు అది చూపించిన ఫైలునే చదువుతుంది.

పేరు చివరి ‘ఆర్‌సీ’ కథ కూడా కామెంట్‌లో ఒక లైనుగా పెట్టాను, మా కొత్త పిల్లలు అడుగుతూనే ఉంటారు కాబట్టి. 1960లలో ఎంఐటీలోని సీటీఎస్‌ఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కమాండ్లను ఒక ఫైలులో పేర్చి వరసగా నడిపించే సదుపాయాన్ని ‘రన్‌కామ్’ అనేవారు, యునిక్స్ లోకానికి ఈ రెండక్షరాలు అక్కడి నుంచే సంక్రమించాయి.

కామెంట్లు రాయడానికి కూర్చున్నప్పుడే అసలు తమాషా జరిగింది. ఎస్‌క్యూఎల్‌లో లైను చివర రెండు గీతలు గీసి కామెంట్ రాయడం చేతికి అలవాటైపోయిన పని, అలాగే ప్రాంప్ట్‌ను సెట్ చేసే లైను చివర కూడా ‘-- డేటాబేస్ పేరు కనిపించడానికి’ అని తెలుగులో రాసి సేవ్ చేశాను. మళ్లీ తెరిస్తే నా ప్రాంప్ట్ ఇలా వచ్చింది:

సేల్స్=> --డేటాబేస్‌పేరుకనిపించడానికి

కారణం ఏమిటంటే, బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే కమాండ్ల వెనుక రాసే రెండు గీతలు పీఎస్‌క్యూఎల్‌కు కామెంట్ కాదు. సెట్ కమాండ్ తనకు ఇచ్చిన మాటలన్నిటినీ మధ్యలో ఖాళీ లేకుండా అతికించి ఒకే విలువగా మార్చేస్తుంది. ఖాళీలెక్కడ పోయాయో అదే జవాబు. డిస్‌ప్లేను మార్చే పీసెట్, క్వెరీకి పట్టిన సమయం చూపించే టైమింగ్ వంటి కమాండ్ల దగ్గర ఇంత అనర్థం జరగదు, అదనపు మాటలను పట్టించుకోలేదని ఒక్కో మాటకు ఒక్కో ఫిర్యాదు తెర మీద పడుతుంది, అంతే. కాబట్టి ఈ ఫైలులో కామెంట్ ఎప్పుడూ తన సొంత లైనులోనే, సెట్టింగుకు పైనే ఉండాలి. ఈ వాక్యాన్నే ఫైలులో మొట్టమొదటి కామెంట్‌గా పెట్టాను.

తరువాత లైన్లను రెండు గుంపులు చేశాను. నల్‌కు, అంటే విలువ లేని గడికి, బదులు ఒక గుర్తు చూపించడం, వెడల్పైన ఫలితాలను నిలువుగా చూపించడం, ప్రాంప్ట్‌కు రంగు వేయడం వంటివి కేవలం మన కంటికి సంబంధించినవి. రంగుల దగ్గర ఒక్క జాగ్రత్త రాశాను: రంగు కోడ్‌ను పర్సెంట్ గుర్తుతో కూడిన చదరపు బ్రాకెట్ల మధ్య పెట్టకపోతే ప్రాంప్ట్ వెడల్పు లెక్క తప్పి, పొడవైన క్వెరీ టైపు చేసేటప్పుడు లైను తన మీద తానే పడుతుంది. రెండో గుంపు పని తీరునే మార్చేవి. ఆటోకమిట్, ఎర్రర్ వచ్చినప్పుడు ఆగాలా వద్దా అన్నది, స్టేట్‌మెంట్ టైమ్‌అవుట్ (ఒక కమాండ్ ఎంతసేపు నడవవచ్చో చెప్పే హద్దు) ఇక్కడికి వస్తాయి. టైమింగ్ ఎక్కడికి చెందుతుందన్న దానిపై నాలో నేనే వాదించుకున్నాను. చూడడానికి అది కంటికి సంబంధించినదే, కాని క్వెరీ ఫలితాన్ని ఒక షెల్ స్క్రిప్ట్ పట్టుకుని లెక్క చేస్తుంటే ఆ ఫలితం కింద పట్టిన సమయం కూడా చేరి లెక్క పాడవుతుంది. దాన్ని రెండో గుంపులోకే తోశాను.

టైమ్‌అవుట్ లైను మీద అన్నిటికంటే పొడవైన కామెంట్ ఉంది. బ్యాక్‌స్లాష్ ఉన్న సెట్, బ్యాక్‌స్లాష్ లేని సెట్ చూడడానికి కవలల్లా ఉంటాయి గాని మొదటిది క్లయింట్ సొత్తు, రెండోది సర్వర్ సెషన్ సొత్తు. పని మధ్యలో బ్యాక్‌స్లాష్ సీ కొట్టి ఇంకో డేటాబేస్‌కు మారితే కొత్త సెషన్ మొదలవుతుంది, పీఎస్‌క్యూఎల్ మాత్రం ఆర్‌సీ ఫైలును మళ్లీ చదవదు. అప్పుడు ప్రాంప్ట్, నల్ గుర్తు, ఆటోకమిట్ అలాగే ఉంటాయి, టైమ్‌అవుట్ మాత్రం చడీచప్పుడు లేకుండా పోతుంది. అది తప్పకుండా ఉండాలనుకుంటే ఆల్టర్ రోల్ అనే సర్వర్ కమాండ్‌తో ఆ యూజర్‌కే కట్టిపెట్టాలి. డేటాబేస్ పేరుతో, కొట్టిన కమాండ్లు దాచుకునే హిస్టరీ ఫైళ్లను వేరు చేసుకునే వాళ్లకూ ఇదే చిక్కు ఉంది: పేరు మొదట్లో ఒక్కసారే నిర్ణయమవుతుంది కాబట్టి, డేటాబేస్ మారిన తరువాత కొట్టినవి కూడా పాత పేరున్న హిస్టరీలోకే పోతాయి.

ఆ నాలుగు లైన్ల సంగతి తేల్చడానికి తేలికైన ఉపాయం దొరికింది. బ్యాక్‌స్లాష్ సెట్ అని ఒక్కటే కొడితే అన్ని వేరియబుల్సూ, పీసెట్ అని ఒక్కటే కొడితే డిస్‌ప్లే సెట్టింగులన్నీ కనిపిస్తాయి. పీఎస్‌క్యూఎల్‌ను ఆర్‌సీ ఫైలు చదవనివ్వకుండా మైనస్ పెద్ద ఎక్స్‌తో ఒకసారి, మామూలుగా ఒకసారి తెరిచి రెండు జాబితాలనూ డిఫ్ చేశాను. నాలుగింటిలో రెండు లైన్లు డిఫాల్ట్ విలువనే మళ్లీ సెట్ చేస్తున్నాయి, అందులో ఒకటి హిస్టరీ సైజును 500 చేయడం, అది ఎలాగూ 500 గానే ఉంటుంది. వాటిని తీసేశాను. మూడోది కీవర్డ్‌లను ట్యాబ్ కొట్టినప్పుడు పెద్ద అక్షరాల్లో పూర్తి చేసేది, అది ఉంచాను. నాలుగోది ఎర్రర్ వచ్చినప్పుడు ట్రాన్సాక్షన్ (కమిట్ అయ్యేదాకా ఒకటిగా నడిచే మార్పుల గుంపు) మొత్తం పోకుండా కాపాడే ఆన్-ఎర్రర్-రోల్‌బ్యాక్. దాన్ని అప్పట్లో ‘ఆన్’ అని పెట్టి ఉంచాను, ఇప్పుడు ‘ఇంటరాక్టివ్’ అని మార్చాను. అలా చేస్తే మనిషి టైపు చేస్తున్నప్పుడు మాత్రమే అది పని చేస్తుంది, ఫైలులోంచి నడిచే స్క్రిప్టుల జోలికి పోదు. ఆటోకమిట్‌కు కూడా అలాంటి ‘ఇంటరాక్టివ్’ విలువ ఒకటి ఉంటే ఈ పోస్టు రాసే అవసరమే ఉండేది కాదు.

ఇప్పుడు ఆ క్రాన్ జాబ్‌లో మైనస్ పెద్ద ఎక్స్ ఉంది. ఆ యూజర్ హోమ్ డైరెక్టరీలోని ఫైలులో ఆటోకమిట్ లైను లేదు, అది ఉండిన చోట మూడు లైన్ల కామెంట్ ఉంది: ఇక్కడ ఏముండేది, ఏ తేదీన తీశాం, ఈ యూజర్ కింద ఏ జాబ్‌లు నడుస్తాయి. నా సొంత లాగిన్‌లో మాత్రం ఆటోకమిట్ ఇంకా ఆఫ్‌లోనే ఉంది, ట్రాన్సాక్షన్ తెరిచి ఉందని గుర్తు చేసే నక్షత్రం గుర్తును ప్రాంప్ట్‌లో ఎర్ర రంగులో పెట్టుకున్నాను.