జర్మనీలో మాస్టర్స్‌కి నా ప్రిపరేషన్: ఐఈఎల్‌టీఎస్, ఏ1, మధ్యలో కాగితాలు

బీటెక్ మూడో ఏడాదిలో మా క్లాసులో సగం మంది నోట ఒకటే మాట: మాస్టర్స్ అడ్మిషన్‌కి అడిగే జీఆర్ఈ రాయాలా, ఇంగ్లిష్ పరీక్షలైన ఐఈఎల్‌టీఎస్, టోఫెల్‌లలో ఏది రాయాలా? అసలు ముందు తేల్చుకోవాల్సింది ఇది కాదని నా అభిప్రాయం. ఏ దేశం, ఏ కోర్సు అనేది తేలితే, ఏం రాయాలో ఆ కోర్సు పేజీయే చెబుతుంది. నాది మెకానికల్. జర్మనీ అనుకున్నాక డీఏఏడీ (విదేశీ విద్యార్థులకు సమాచారం ఇచ్చే జర్మన్ సంస్థ) వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్‌లో చెప్పే మాస్టర్స్ కోర్సులు వెతికి, నా సీజీపీఏకి అందేవి ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకున్నాను. వాటిలో ఒకటో రెండో తప్ప జీఆర్ఈ అడగలేదు. ఎక్కువ భాగం ఐఈఎల్‌టీఎస్‌లో తొమ్మిదికి 6.5 అడిగాయి. దాంతో జీఆర్ఈ పక్కన పెట్టేశాను. అమెరికా వెళ్లే ఫ్రెండ్స్ సంగతి వేరు. వాళ్లకు ఒక్క మాట: 2023 సెప్టెంబర్ నుంచి జీఆర్ఈ రెండు గంటల లోపే అయిపోతోంది, కాబట్టి దాదాపు నాలుగు గంటల పాత మోడల్ పేపర్లు ముందేసుకుని భయపడకండి.

నా గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో నాలాంటివాళ్లే ఎక్కువ ఉంటారు. ఖమ్మం జిల్లాలో ఊరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో పేరుకు ఇంగ్లిష్ మీడియం, క్లాసులో చెప్పేది తెలుగులోనే. బీటెక్ పాఠ్యపుస్తకాలు చదివితే అర్థమవుతాయి, నోరు విప్పాలంటే మాత్రం టెన్షన్. ఐఈఎల్‌టీఎస్‌కి ఇంతకన్నా గొప్ప ఇంగ్లిష్ ఉండాలనుకుని చాలామంది అమీర్‌పేటలో గ్రామర్ క్లాసులకు వెళ్తారు. నేను వెళ్లలేదు. లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ అని పరీక్షలో ఉండే నాలుగు భాగాల్లో ఒక్కోదానిలో మార్కు ఎక్కడ వేస్తారో, ఎక్కడ కోస్తారో చూసి దానికి తగ్గట్టు చదివాను.

లిజనింగ్‌తో మొదలుపెడతాను. 30 నిమిషాలు, 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వస్తుంది. మొదటి పార్ట్ సాధారణంగా ఫోన్ సంభాషణ లాంటిది, తేలికే, కానీ ముంచేది కూడా అదే. అవతలివాళ్లు 'మంగళవారం రండి' అంటారు, మనం ట్యూజ్‌డే అని టైప్ చేసేస్తాం, రెండు వాక్యాల తర్వాత 'అయ్యో, ఆ రోజు ఖాళీ లేదు, గురువారం చేద్దాం' అంటారు. ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ తేడా, పేరు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు 'డబుల్ ఎల్', చివర్లో వినీ వినపడని బహువచనపు ఎస్, ఇవన్నీ కావాలనే పెడతారు. స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది. 'రెండు పదాలకు మించకూడదు' అన్నచోట మూడు రాసినా పోతుంది. కంప్యూటర్ టెస్టులో జవాబులు మళ్లీ ఎక్కించుకోవడానికి విడిగా పది నిమిషాలు ఇవ్వరు, చివర్లో సరిచూసుకోవడానికి రెండు నిమిషాలే. అందుకని వింటూనే టైప్ చేయడం ఇంట్లోనే అలవాటు చేసుకున్నాను. తప్పు పోయిన ప్రతి ప్రశ్న దగ్గరా ఆడియో వెనక్కి తిప్పి, ట్రాన్‌స్క్రిప్ట్ చూస్తూ ఏ మాట దగ్గర చెవి జారిందో రాసుకునేవాడిని. కొత్త టెస్టులు వరసగా చేసుకుంటూ పోవడం కన్నా ఇదే ఎక్కువ పనిచేసింది.

రీడింగ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, గంటలో మూడు ప్యాసేజ్‌లు, అలవాటు మీద వస్తుంది. ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ఒక్కటే మనవాళ్లను తికమక పెడుతుంది. ఉదాహరణకు, 'చాలా ఆలస్యాల తర్వాత ఆ వంతెనను 1930లో తెరిచారు' అని ప్యాసేజ్‌లో ఉందనుకోండి. కింద 'నిధులు లేక వంతెన ఆలస్యమైంది' అని ఇస్తారు. మనకు లోకజ్ఞానం ఎక్కువ కదా, వెంటనే ట్రూ కొట్టేస్తాం. కారణం ఏమిటో ప్యాసేజ్‌లో ఎక్కడా లేదు కాబట్టి జవాబు నాట్ గివెన్. 'వంతెన అనుకున్న సమయానికే తెరిచారు' అని ఉంటే అది ఫాల్స్. మీకు తెలిసింది పక్కన పెట్టి కాగితం మీద ఉన్నదే చూడాలి.

అసలు తంటా రైటింగ్‌తో. మా కాలేజీలో ఐఈఎల్‌టీఎస్ రాసిన ఎవరిని కదిపినా మిగతా మూడింటిలో ఏడు దాటి ఇందులో ఆరు దగ్గర ఆగినవాళ్లే. టాస్క్ 1కి 150 పదాలు, టాస్క్ 2కి 250 పదాలు, మొత్తం గంట. టాస్క్ 2కి రెట్టింపు విలువ కాబట్టి దానికి 40 నిమిషాలు కేటాయించాల్సిందే. నేను అదే ముందు రాసేవాడిని. కోచింగ్ మెటీరియల్‌లో దొరికే 'ఇన్ దిస్ మోడర్న్ ఎరా', 'ఎవ్రీ కాయిన్ హాజ్ టూ సైడ్స్' లాంటి రెడీమేడ్ వాక్యాలు ఎగ్జామినర్లు రోజూ చూసేవే. బట్టీ పట్టినట్టు కనిపిస్తే వాటికి విలువ ఇవ్వరు. వాళ్లు చూసేవి నాలుగు: అడిగినదానికి పూర్తిగా జవాబు చెప్పామా, ఒక పేరా నుంచి ఇంకో పేరాకి ఆలోచన సాగిందా, పదాలు సరైనచోట పడ్డాయా, గ్రామర్ సంగతేమిటి.

మొదటిదానిలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. 'ఎంతవరకు ఏకీభవిస్తారు' అని అడిగితే అటో నాలుగు మాటలు ఇటో నాలుగు మాటలు రాసి, తమ అభిప్రాయం చెప్పకుండా ముగించేస్తారు. నేను టైప్ చేసే ముందు ఐదు నిమిషాలు కాగితం మీద నా మాట ఒక వాక్యం, దానికి రెండు కారణాలు, ఒక్కోదానికి ఒక ఉదాహరణ రాసుకునేవాడిని. ఉదాహరణ మన ఊరిదే అయినా ఫరవాలేదు. పల్లెల నుంచి జనం పట్నాలకు ఎందుకు వెళ్తున్నారని అడిగితే మా ఊళ్లో హైస్కూల్ తర్వాత చదువు లేకపోవడం గురించి రాశాను. చూసిన విషయం కాబట్టి వాక్యాలు కూడా సాఫీగా వచ్చాయి.

ఇంకో సంగతి. రాసినది ఎవరో ఒకరు చదివి చెప్పకపోతే రైటింగ్‌లో బ్యాండ్ (స్కోరు) కదలదు. మా ఇంగ్లిష్ మేడమ్‌ని బతిమాలి వారానికోసారి రెండు ఎస్సేలు ఇచ్చేవాడిని. ఆవిడ ఎర్ర పెన్నుతో చుట్టినవాటిలో సగం 'ఎ', 'ది' దగ్గరే. మన భాషలో ఆ గొడవ లేదు కాబట్టి మనకు చేయి రాదు. తర్వాతది 'డిస్కస్ అబౌట్', 'రిటర్న్ బ్యాక్' లాంటి చోట అక్కర్లేని మాట తగిలించడం. ఇలా పదే పదే వచ్చే తప్పులను ఒక పేజీలో రాసి బల్ల ముందు అంటించుకుంటే, టైప్ చేసేటప్పుడే చేయి ఆగుతుంది.

స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు. ఎదురుగా మనిషి ఉంటాడు, వాదన పెట్టుకోడు, తల ఊపుతూ వింటాడు. యాస ఉన్నందుకు మార్కులు కోయరు. మాట అర్థం కాకపోతే కోస్తారు. మనవాళ్ల నోట పదం చివర ఉకారం వచ్చి చేరుతుంది: బుక్కు, బస్సు, రోడ్డు. ఫిల్మ్ ఫిలిం అవుతుంది. జీరో, జూ అనేటప్పుడు పళ్ల మధ్య గాలి సన్నగా పోవాల్సిన చోట మన 'జ' గట్టిగా పడుతుంది. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విన్నప్పుడే ఇవి తెలుస్తాయి, మాట్లాడేటప్పుడు తెలియవు. రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ టెర్రస్ మీద నేనూ మా రూమ్మేటూ ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకునేవాళ్లం. రెండో పార్ట్‌లో కార్డు ఇచ్చి ఒక నిమిషం టైమ్, పెన్సిల్, కాగితం ఇస్తారు. ఆ నిమిషంలో వాక్యాలు రాయకండి, మాటలు రాసుకోండి. 'మీ ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు' అనే కార్డుకి నేను మా నాన్న టీవీఎస్ మోపెడ్ తీసుకుని 'ఎరువుల బస్తా, వాన, స్కూల్ గేటు, అమ్మనివ్వలేదు' అని నాలుగు ముక్కలు రాసుకున్నాను. రెండు నిమిషాలు ఎలా అయిపోయాయో తెలియలేదు.

నాకు వచ్చినవి లిజనింగ్ 8, రీడింగ్ 7.5, రైటింగ్ 6.5, స్పీకింగ్ 7. సగటు 7.25. పావు వస్తే పైకి సవరిస్తారు కాబట్టి ఓవరాల్ 7.5 పడింది. ఫీజు పదిహేడు, పద్దెనిమిది వేల దాకా అవుతోంది, స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. పరీక్షకు పాస్‌పోర్ట్ తప్ప ఇంకే ఐడీ ఒప్పుకోరు. ఇక్కడ మనకు ఇంటిపేరు సమస్య ఒకటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో ఆఖర్న, డిగ్రీ మెమోలో ఒట్టి ఇనిషియల్, ఇలా మూడుచోట్ల మూడు రకాలుగా ఉంటే పరీక్షలు మొదలుపెట్టే ముందే సరిచేయించుకోండి. ఐఈఎల్‌టీఎస్ రిజిస్ట్రేషన్‌లో మాత్రం పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టే ఇవ్వాలి.

జర్మన్ ఏ1, అంటే ఆ భాషలో మొదటి లెవెల్, ఎందుకు, కోర్సు ఇంగ్లిష్‌లోనే కదా అని ఇంట్లో కూడా అడిగారు. అద్దె ఇంటి ఓనర్‌తోనూ, ఆఫీసుల్లోనూ, పార్ట్‌టైమ్ పని దగ్గరా అవసరమయ్యేది జర్మనే. జర్మన్ భాషా సంస్థ గోథే పెట్టే ఏ1 పరీక్ష 100 మార్కులకు, 60 వస్తే పాస్. రాయడంలో ఒక ఫారం నింపాలి, ఇచ్చిన మూడు అంశాల మీద ముప్ఫై పదాల చిన్న లెటర్ రాయాలి. మాట్లాడటం గ్రూపులో ఉంటుంది: పరిచయం చేసుకోవాలి, పేరు అక్షరం అక్షరం చెప్పాలి, నంబర్ చెప్పాలి, కార్డు చూసి ఒకరినొకరు అడగాలి. నంబర్లలో 21ని 'ఒకటీ ఇరవై' అంటారు, దానికి నాలుక తిరగడానికి టైమ్ పడుతుంది. లెక్కలు బాగా వచ్చిన మా మెకానికల్ వాళ్లే అక్కడ తడబడ్డారు!

ఇక కాగితాలు. 2022 నవంబర్ 1 నుంచి మన దేశం నుంచి జర్మనీకి చదువుకోవడానికి వెళ్లేవాళ్లకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని చూసి ఇచ్చేది) తప్పనిసరి. ఫీజు 18,000 రూపాయలు, రావడానికి వారాలు పడుతుంది. అది లేకుండా వీసా కుదరదు, చాలా యూనివర్సిటీలు అప్లికేషన్‌లోనే అడుగుతాయి. చాలా యూనివర్సిటీల తరఫున విదేశీ అప్లికేషన్లు చూసే యూని అసిస్ట్ ద్వారా అప్లై చేసేవాటికి మొదటిదానికి 75 యూరోలు, ఆ తర్వాత ఒక్కోదానికి 30. అందుకే లిస్టు చిన్నదిగా పెట్టుకున్నాను.

మన మార్కులను వాళ్ల స్కేల్‌లోకి మార్చే ఫార్ములా ముందే వేసి చూసుకోండి. గరిష్ఠం నుంచి మీ మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకీ మధ్య తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. పదికి 8 వచ్చి, పాస్ మార్కు 5 అయితే 2.2 వస్తుంది. పాస్ మార్కు 4 అని ఉంటే 2.0. అక్కడ 1.0 అన్నింటికన్నా మంచిది, చాలా కోర్సులు 2.5 లోపు అడుగుతాయి. మీ యూనివర్సిటీ కనీస పాస్ గ్రేడ్ ఎంతని మెమో వెనక రాసి ఉందో చూడండి.

ఖర్చు విషయంలో 'జర్మనీలో చదువు ఫ్రీ' అనే మాట సగమే నిజం. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. కానీ బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటివాళ్లకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో 2024 వింటర్ నుంచి మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 లేదా 6,000 యూరోలు. అవి కాక వీసా కోసం, అక్కడి ఖర్చులకు ముందే డబ్బు వేసిపెట్టే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపించాలి, నెలకు 992 చొప్పున తీసుకోనిస్తారు. అది మన డబ్బే, కానీ పదకొండు పన్నెండు లక్షలు ఒక్కసారిగా కావాలి. ఎడ్యుకేషన్ లోన్ అయితే బ్యాంకు చుట్టూ తిరగడానికి నెలల ముందే మొదలుపెట్టండి. కన్సల్టెన్సీకి వెళ్తే ముందు ప్రైవేట్ యూనివర్సిటీల పేర్లే చెబుతారు, కమిషన్ వచ్చేది అక్కడి నుంచే. ఇంగ్లిష్‌లో ఒక వెబ్‌సైట్ చదివి అర్థం చేసుకోగలిగితే కన్సల్టెన్సీ అవసరం లేదనే నా నమ్మకం.

వింటర్ సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలవుతుంది, చాలా కోర్సుల గడువు జులై 15 లేదా ఇంకా ముందే. అక్కడి నుంచి వెనక్కి లెక్కేస్తే, మూడో ఏడాది వేసవి సెలవుల్లో ఐఈఎల్‌టీఎస్, నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్‌లో ఏ1, అప్పటిదాకా వచ్చిన మెమోలతో ఏపీఎస్ పని. ప్రాజెక్టూ ప్లేస్‌మెంట్లూ మొదలయ్యాక పరీక్షకు కూర్చునే ఓపిక ఉండదు. ఫైనల్ రిజల్ట్ రాగానే ప్రొవిజనల్ సర్టిఫికెట్, ట్రాన్‌స్క్రిప్ట్‌లు కావాలి, సరిగ్గా అప్పుడే అందరూ అడుగుతారు. ఎగ్జామ్ సెక్షన్‌లో ఏ ఫారం, ఎంత చలానా, ఎవరి సంతకం అనేది ఏప్రిల్‌లోనే కనుక్కుని పెట్టుకోండి.