డెస్క్‌టాప్ మీద ఒకే పేరుతో ఇద్దరు

పొద్దున నెల్లూరు దర్గామిట్టలో షాపు తెరిచానో లేదో ఒకాయన వచ్చి నిలబడ్డాడు. మూడేళ్ల కిందట నా దగ్గరే కొట్టించిన గృహప్రవేశం పత్రిక మళ్లీ కావాలంట. తమ్ముడు వేదాయపాళెంలో ఇల్లు కట్టాడు, అదే మోడల్ కావాలన్నాడు. ఎంత వెతికినా ఫైలు కనపళ్లేదు. పెన్‌డ్రైవ్ వైరస్‌లు ఫైళ్లను దాచేయడం మామూలే గదా అని, ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టి, సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్కు కూడా తీసేశా.

డెస్క్‌టాప్ మీద వెలిసిపోయినట్టు రెండు ఫైళ్లు తేలాయి. రెంటి పేరూ డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ. ఒకే చోట ఒకే పేరుతో రెండెట్టా ఉంటాయి? వైరసే అనుకున్నా. పత్రికల ఫోల్డర్లలోనూ ఇవే. అన్నిటినీ డిలీట్ చేస్తూ పోయా. 'ఇది సిస్టమ్ ఫైలు' అని విండోస్ అడుగుతూనే ఉంది, నేను ఎస్ కొడుతూనే ఉన్నా. కాసేపటికి పెళ్లిళ్లకు పెట్టుకున్న ఎర్ర బొమ్మా, గృహప్రవేశాలకు పెట్టుకున్న పచ్చ బొమ్మా పోయి అన్నీ పసుపు ఫోల్డర్లే!

మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన మా అన్న కూతురు చూసి ఒకటే నవ్వు. "వైరస్ కాదు బాబాయ్, ఫోల్డర్ ఎట్టా కనపడాల్నో రాసిపెట్టిన చీటీ అది." రెండెందుకంటే ఒకటి నా లాగిన్‌ది, రెండోది పబ్లిక్ అనే ఉమ్మడి ఫోల్డర్‌ది. విండోస్ రెంటినీ కలిపి ఒకే తెర మీద చూపిస్తుందంట.

పుట్టినరోజుల ఫోల్డర్‌లో నా చేతికి చిక్కకుండా మిగిలినదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాం. పైన చదరపు బ్రాకెట్లలో డాట్ షెల్‌క్లాస్‌ఇన్ఫో. కింద ఐకాన్‌రిసోర్స్, దాని పక్కన బొమ్మ ఉన్న చోటు, కామా, సున్నా. ఇంతే. లోకలైజ్డ్‌రిసోర్స్‌నేమ్ అని ఇంకో లైను రాస్తే ఫోల్డర్ పేరు కూడా వేరేగా చూపిస్తుంది, అసలు పేరు మారదు. మా పెదనాన్నను ఊరంతా చిన్నోడా అంటారు, రేషన్ కార్డులో పేరు ఇంట్లోవాళ్లకే గుర్తురాదు.

సరేనని కొత్త ఫోల్డర్ చేసి నేనే చీటీ రాసి పెట్టా. బొమ్మ రాలా. ఫోల్డర్‌కి రీడ్-ఓన్లీ గానీ సిస్టమ్ గానీ గుర్తు ఉంటేనే విండోస్ ఆ చీటీ చదివేది. ప్రాపర్టీస్‌లో టిక్కు పెట్టినా లాభంలేదు, అది లోపలి ఫైళ్లకే తగుల్తుంది. పిల్ల కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి ఆట్రిబ్, ప్లస్ ఎస్, ఫోల్డర్ దారి కొట్టింది, అంటే ఫోల్డర్‌కి సిస్టమ్ గుర్తు పెట్టింది. మూసి తెరిస్తే ఎర్ర బొమ్మ! రీడ్-ఓన్లీ అంటే మార్చకూడదని ఇన్నేళ్లూ అనుకున్నా. ఫోల్డర్ విషయంలో మాత్రం 'లోపల చీటీ ఉంది, చూడు' అనంట. ఆ పేరు పెట్టినోణ్ణి ఏమనాలో.

ఇంతకీ పొద్దున వెతికిన పత్రిక దొరకలా. పాత కార్డు చూసి మళ్లీ టైపు చేసిచ్చా.