పాంటాప్రజోల్ మానేశాక వచ్చే మంట: నా అనుభవం

యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ 40 మి.గ్రా. మాత్ర నుంచి బయటపడ్డాను. ఇప్పుడు రాత్రి భోజనం మరీ ఎక్కువైన రోజున తప్ప ఏ గ్యాస్ మాత్రా అక్కర్లేదు. నేను ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెబుతాను కాబట్టి మధ్యలో లేచిన మంట ఎందుకు లేచిందో తెలుసు, తట్టుకున్నాను. తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే భయపడి మళ్లీ స్ట్రిప్ కొంటారు. వాళ్ల కోసమే ఇది.

ముందే చెప్పాలి, ఇది అందరూ మానదగ్గ మాత్ర కాదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, రోజూ నొప్పి మాత్ర తప్పనివాళ్లు, ఒకప్పుడు అల్సర్ నుంచి రక్తం పోయినవాళ్లు, ఎండోస్కోపీ రిపోర్టులో అన్నవాహిక బాగా పుండుపడిందనో, బారెట్స్ (యాసిడ్ వల్ల అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) అనో ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దు. మలం నల్లగా రావడం, మింగుడుపడకపోవడం, ఊరికే బరువు తగ్గడం, రక్తం తగ్గడం ఉంటే ముందు ఎండోస్కోపీ చేయించుకోండి. నాకు ఇవేవీ లేవు. నడుంనొప్పికి డైక్లోఫెనాక్ రాస్తూ తోడుగా ఇచ్చిన మాత్ర ఇది. డైక్లోఫెనాక్ ఆగిపోయింది, ఇది మాత్రం సాగుతూనే ఉంది. ఎప్పటిదాకా వేసుకోవాలో చీటీలో ఎవరూ రాయలేదు. ఇలా చివరి తేదీ లేకుండా రాసే చీటీల మీద నాకు నిజంగానే కోపం.

తగ్గించడం తేలికే. 40 నుంచి 20కి, 20 నుంచి రోజు విడిచి రోజుకు, ఆ తర్వాత ఆపడం. 40 మాత్రను విరిచి సగం వేసుకోకండి. పాంటాప్రజోల్ యాసిడ్ తగిలితే పాడైపోతుంది, అందుకే పైన పూత ఉంటుంది. విరిస్తే మందు పేగు దాకా చేరదు. 20 స్ట్రిప్ విడిగా అడిగి తీసుకోండి. డొంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్ వాడుతుంటే ముందు విడి పాంటాప్రజోల్‌కి మారండి, ఆ కలగలుపులో డోసు తగ్గించే వీలుండదు.

ఆపిన మొదటి మూడు నాలుగు రోజులు హాయిగా గడుస్తాయి. ఆ తర్వాత మొదలవుతుంది. పుల్లటి త్రేన్పులు, రొమ్ము ఎముక వెనక మంట, అర్ధరాత్రి గొంతులోకి పులుపు. మాత్ర మొదలుపెట్టక ముందు లేనంత మంట. నేను చూపించుకున్న గ్యాస్ట్రో ఓపీలో, ఇది మాత్ర మానడం వల్ల వచ్చే మంట కావచ్చని నేను అంటే, అక్కడి డాక్టర్ "పాఠాలు కాలేజీలో చెప్పుకోండి మాస్టారూ, మంట ఉందంటే జబ్బు ఉన్నట్టే" అన్నారు. వెనక నిలబడ్డ పేషెంట్లు, అటెండరు అంతా వింటుండగా. ఆ తర్వాత రోజుకు రెండు పూటలా 40 చొప్పున రాసి, జీవితాంతం వాడాలన్నారు. ఆ చీటీ నేను వాడలేదు. ఎందుకో వివరంగా చెబుతాను, అసలు విషయం ఇక్కడే ఉంది.

పాంటాప్రజోల్, పొట్ట గోడ కణాల్లో యాసిడ్‌ను బయటికి వదిలే పంపుకు అతుక్కుని దాన్ని మూసేస్తుంది. మూసుకుపోయిన పంపుల స్థానంలో కొత్తవి రావాలి, అందుకు మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. మొదటి రోజుల హాయికి కారణం అదే. కానీ ఆ పంపులను నడిపించే వ్యవస్థ మాత్ర వేసుకున్నంత కాలమూ వెనకాల పెరుగుతూ వచ్చింది.

పొట్టలో యాసిడ్ ఎంతుందో కనిపెట్టే పని డీ కణాలది. యాసిడ్ పెరిగి పీహెచ్ 3 కంటే కిందికి దిగితే అవి సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ వదులుతాయి. అది రెండు చోట్ల బ్రేకు వేస్తుంది: గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ వదిలే జీ కణాల మీద, యాసిడ్ పంపులను నడిపించే హిస్టమిన్‌ను తయారుచేసే ఈసీఎల్ కణాల మీద. మాత్ర వల్ల యాసిడ్ తగ్గితే డీ కణాలు ఊరుకుంటాయి, బ్రేకు వదులవుతుంది, జీ కణాలు గ్యాస్ట్రిన్ వదులుతూనే ఉంటాయి. రోజూ ఈ మాత్ర వేసుకునేవాళ్లలో గ్యాస్ట్రిన్ మామూలు కంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఉండటం సాధారణం. అది రక్తంలో తిరిగి పొట్ట పైభాగపు పొరలో ఉన్న ఈసీఎల్ కణాలను, వాటి సీసీకే2 గ్రాహకం (సంకేతాన్ని అందుకునే చోటు) దగ్గర తట్టి లేపుతుంది.

అప్పుడు అక్కడ జరిగే పనులు మూడు వేగాల్లో జరుగుతాయి. నిమిషాల్లో, అప్పటికే సంచుల్లో దాచిన హిస్టమిన్ బయటికి వస్తుంది. గంటల్లో, హిస్టిడిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ పెరిగి, విటమిన్ బీ6 సాయంతో హిస్టిడిన్‌ను కొత్త హిస్టమిన్‌గా మారుస్తుంది. వీమ్యాట్2 అనే రవాణా ప్రొటీన్ దాన్ని మళ్లీ సంచుల్లో నింపుతుంది. వారాలు, నెలల మీద ఈసీఎల్ కణాలే పెరుగుతాయి, సంఖ్యలోనూ పరిమాణంలోనూ. మాత్ర వాడుతున్నంత కాలం ఈ హిస్టమిన్ అంతా మూసిన పంపుల ముందు వృథా. మాత్ర ఆపాక పంపులు ఐదు రోజుల్లో తెరుచుకుంటాయి, గ్యాస్ట్రిన్ ఒకటి రెండు వారాల్లో దిగుతుంది. పెరిగిన కణాలు మాత్రం అంత త్వరగా తగ్గవు. ఆ మధ్య కాలంలో, అదే భోజనానికి పొట్ట ఎప్పటికంటే ఎక్కువ యాసిడ్ వదులుతుంది. దీన్నే రీబౌండ్ అంటాం.

ఇది నా ఊహ కాదు. 2009లో డెన్మార్క్‌లో ఏ పొట్ట బాధా లేని 120 మంది ఆరోగ్యవంతుల మీద పరీక్ష చేశారు. ఒక జట్టుకు 8 వారాలు పాంటాప్రజోల్ లాంటిదే అయిన ఎసోమెప్రజోల్ 40, ఆపై 4 వారాలు మందు లేని ఉత్తుత్తి మాత్ర. రెండో జట్టుకు 12 వారాలూ ఉత్తుత్తి మాత్రే. చివరి 4 వారాల్లో మొదటి జట్టులో 44 శాతం మందికి యాసిడ్ బాధలు కనిపించాయి, రెండో జట్టులో 15 శాతానికి. జబ్బే లేనివాళ్లకు మందు మానడమే మంట తెచ్చిందన్నమాట. మానితే మంట పుట్టించే మందు విషయంలో, ఆ మంటనే చూపించి "చూశారా, మీకు ఈ మందు కావాల్సిందే" అనడం ఏం న్యాయం? చదువుకున్న వైద్యుడు పేషెంటుతో అనాల్సిన మాట కాదది.

ఇది హార్మోన్ సంగతి. నరాల వాటా కూడా ఉంది. ఆకలి వేళ పోపు వాసన తగిలితే ముద్ద నోట్లో పెట్టకముందే, మెదడు నుంచి పొట్టకు వచ్చే వేగస్ నరం పని మొదలుపెడుతుంది. దాని చివర్ల నుంచి వచ్చే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం యాసిడ్ కణాలను నేరుగా తడుతుంది, డీ కణాల బ్రేకును తగ్గిస్తుంది. జీఆర్‌పీ అనే మరో సంకేతం జీ కణాల నుంచి గ్యాస్ట్రిన్ రప్పిస్తుంది. ఈసీఎల్ కణాన్ని నేరుగా ప్రేరేపించే నరాల సంకేతం పీఏసీఏపీ అని ఎలుకల మీద చేసిన పనిలో బాగా తేలింది, అక్కడ అసిటైల్‌కోలిన్ ప్రభావం స్వల్పం. అందుకే రీబౌండ్ వారాల్లో భోజనాన్ని వాయిదా వేస్తూ వంటింటి చుట్టూ తిరగొద్దు. వేళకు తినండి, కొంచెం కొంచెం తినండి.

గ్యాస్ట్రిన్, అసిటైల్‌కోలిన్, హిస్టమిన్ అనే ఈ మూడు దారుల్లో హిస్టమిన్ దారి పెద్దది. గ్యాస్ట్రిన్ చేయించే పని చాలావరకు హిస్టమిన్ ద్వారానే సాగుతుంది. 1972లో జేమ్స్ బ్లాక్ బృందం, యాసిడ్ కణాల మీద హిస్టమిన్‌ను అందుకునే హెచ్2 గ్రాహకాన్ని విడిగా చూపించాకే ఈ దారిని మూసే మందులు వచ్చాయి, ఆయనకు 1988లో నోబెల్ వచ్చింది. రీబౌండ్‌లో మిగిలేది హిస్టమిన్ పోటే కాబట్టి ఆ దారిని మూసే ఫామోటిడిన్ సరిగ్గా సరిపోతుంది. రాత్రి పడుకునే ముందు 20 మి.గ్రా., మంట ఉన్న రోజున మాత్రమే. వరసగా రోజూ వేస్తే రెండు వారాల్లోపే పట్టు తగ్గుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డోసు డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. తిన్నాక మంటకు ఆల్జినేట్ సిరప్ మంచిది, అది పొట్టలో ఉన్నదాని పైన తేలి గొంతులోకి రాకుండా ఆపుతుంది.

కాల్షియం కార్బొనేట్ ఉన్న చప్పరించే బిళ్లలను ఈ వారాల్లో పక్కన పెట్టండి, కాల్షియం జీ కణాలను తట్టి గ్యాస్ట్రిన్‌ను పెంచుతుంది. పాలూ అంతే. తాగిన పది నిమిషాలు చల్లగా ఉంటుంది, అందులోని కాల్షియం, ప్రొటీన్ కలిసి తర్వాత యాసిడ్‌ను పెంచుతాయి. పడుకునే ముందు పాల గ్లాసు పెద్దల అలవాటే కానీ రీబౌండ్‌లో అది పనికిరాదు. కాఫీ కూడా గ్యాస్ట్రిన్‌ను లేపుతుంది, కెఫీన్ తీసేసిన కాఫీ అయినా సరే. నీళ్లలో పొంగే సోడా పొడుల్లో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లకు వద్దు.

మూడో వారం దాటాక మంట తగ్గుముఖం పట్టింది. నెలల తరబడి వాడినవాళ్లకు ఇంకా ఆలస్యం కావచ్చు, ఎనిమిది వారాల దాకా ఓపిక పట్టడం సబబు. ఆ తర్వాత కూడా అదే తీవ్రతతో ఉంటే అది రీబౌండ్ అనుకోవద్దు, ఎండోస్కోపీకి వెళ్లండి.

పరీక్షల విషయంలో ఒకటి గట్టిగా చెబుతాను. మాత్ర వాడుతూ గ్యాస్ట్రిన్ పరీక్ష చేయిస్తే రిపోర్టు ఎక్కువే చూపిస్తుంది, కణితేమో అన్న అనవసర భయం మిగులుతుంది. కనీసం వారం ముందు మాత్ర ఆపాలి, పరగడుపున రక్తం ఇవ్వాలి. గ్యాస్ట్రిన్ త్వరగా చెడిపోతుంది కాబట్టి ట్యూబును మంచులో పెట్టి, సీరం త్వరగా వేరుచేసి గడ్డకట్టించారా అని కలెక్షన్ సెంటర్‌లో అడగండి. విసుక్కున్నా అడగండి. కణితి అనుమానంతో చేసే 'క్రోమోగ్రానిన్ ఏ' రక్తపరీక్ష అయితే మాత్ర ఆపి కనీసం రెండు వారాలు కావాలి, అది ఈసీఎల్ కణాల నుంచి కూడా వస్తుంది. పొట్టలో అల్సర్లు తెచ్చే హెలికోబాక్టర్ క్రిమికి చేసే శ్వాస పరీక్షకూ, మల పరీక్షకూ అదే రెండు వారాలు. లేకపోతే క్రిమి ఉన్నా లేదని రావచ్చు. నిజంగానే గ్యాస్ట్రినోమా (గ్యాస్ట్రిన్ వదిలే కణితి) అనుమానం ఉన్నవాళ్లు మాత్రం పరీక్ష కోసమైనా ఇంట్లో సొంతంగా మాత్ర ఆపకూడదు. వాళ్లలో ఒక్కసారిగా యాసిడ్ పెరిగి అల్సర్ చిల్లుపడే ప్రమాదం ఉంది, స్పెషలిస్టు పర్యవేక్షణలోనే ఆపాలి.