రామతీర్థం కోతి, పోలియో చుక్కలు

"ఓలమ్మ, ఆ మందు తాగీసింది! దానికేటైనా అయిపోద్దేటి?" అంది పక్కనున్న మామ్మ.

రామతీర్థం కొండ కింద పోలియో చుక్కల బల్ల మీంచి ఖాళీ సీసా ఒకటి కోతి ఎత్తుకుపోయింది. గోడెక్కి రబ్బరు మూతని కొరికింది, లేబుల్ మీద గుండ్రం లోపలున్న తెల్ల చతురస్రాన్ని గోటితో గీకింది, విసిరికొట్టింది. ఆశా అక్క తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఏం కాదు మామ్మా అన్నాను. జువాలజీ చదివినందుకు ఆ మాత్రమైనా చెప్పాలిగా.

అది రీసస్ కోతి. అసలు పోలియో వైరస్‌నే దాని మెదడులోకి ఎక్కిస్తే కాళ్లు పడిపోతాయి. నోట్లో పోస్తే మాత్రం సాధారణంగా ఏమీ అవదు. దాని చుట్టం, పొడుగు తోక సైనోమోల్గస్ కోతికి నోటి ద్వారానే అంటుకుంటుంది. వైరస్ పట్టుకునే సీడీ155 రిసెప్టర్, అంటే కణం మీదుండే ఓ ప్రోటీన్, రెండింటికీ ఉంది. అది పేగుల్లో ఏ కణాల మీద ఉందన్నది కూడా ఈ తేడాకి ఒక కారణం అంటారు.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యమేసేది తర్వాతి కథ. ప్రయోగాల్లో రీసస్‌నే చూసీ చూసీ, పోలియో ముక్కులోంచి నరాల్లోకి పోతుందని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే నమ్మేశారు. ఆ దారి మూసేద్దామని 1937లో టొరంటోలో పిల్లల ముక్కుల్లో జింక్ సల్ఫేట్ కొట్టారు. పోలియో ఆగలేదు సరికదా, కొందరికి వాసన తెలియకుండా పోయింది.

మామ్మ అంతా విని, "అయితే కోతికి చుక్కలు అక్కర్లేదన్నమాట" అని మనవణ్ణి ముందుకి తోసింది.