నూలు ఎక్కడ వడికారు?

స్వేచ్ఛా మార్కెట్‌ను నమ్మేవాడినంటూనే, అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య వాణిజ్య ఒప్పందమైన నాఫ్టాను ఎలా సమర్థిస్తావని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. ప్రశ్న తేలికైనది కాదు. అసలైన స్వేచ్ఛా వాణిజ్యానికి ఒప్పందమే అక్కర్లేదని, ఎవరి సుంకాలను వారు ఎత్తివేసుకుంటే చాలునని వాదిస్తూ, స్వేచ్ఛా మార్కెట్‌కు గట్టి మద్దతుదారైన అమెరికా ఆర్థికవేత్త ముర్రే రోత్‌బార్డ్ 1993లోనే దానిని వ్యతిరేకించారు.

1994 జనవరి 1న అమలులోకి వచ్చిన ఆ ఒప్పందంలో చొక్కా సంగతే చూడండి. మెక్సికోలో కుట్టిన చొక్కా సుంకం లేకుండా అమెరికా చేరాలంటే, కుట్టుపని, నేతే కాదు, సాధారణంగా ఆ బట్టకు వాడిన నూలు సైతం అమెరికా, కెనడా, మెక్సికోలలోనే వడికినదై ఉండాలి. మన గుంటూరు మిల్లులో అదే నూలు చౌకగా దొరికినా పనికిరాదు. మూడు దేశాల మధ్య గోడ తీసి, బయటివారికి మరో గోడ కట్టినట్టే.

అయినా నేను నాఫ్టా వైపే ఉంటాను. మూడు దేశాల మధ్య సుంకాలు దశలవారీగా 2008 నాటికి దాదాపు పోయాయి. కొనేవాడికి మునుపటికంటే వెసులుబాటు పెరిగింది. పైగా స్వదేశంలో రక్షణ కోరే పరిశ్రమలకు ఎదురు నిలిచే బలం, ఒప్పందం వల్ల లాభపడే ఎగుమతిదారులకే ఉంటుంది. బ్రిటన్‌లో దిగుమతి ధాన్యంపై సుంకాలు వేసిన ధాన్యపు చట్టాలను 1846లో ఏకపక్షంగా రద్దు చేయించిన ఉద్యమానికి నాయకుడైన రిచర్డ్ కాబ్డెన్ కూడా 1860లో ఫ్రాన్స్‌తో ఒప్పందానికి కూర్చున్నవాడే. అయితే బ్రిటన్ ఆనాటి తన తగ్గింపులను ఫ్రాన్స్‌కే పరిమితం చేయక అన్ని దేశాలకూ వర్తింపజేసింది. నాఫ్టాలో లోపించినది సరిగ్గా అదే.

2020 జూలై 1న నాఫ్టా స్థానంలోకి వచ్చిన ఒప్పందాన్ని మాత్రం, కనీసం కార్ల విషయంలో, సమర్థించలేను. సుంకం తప్పాలంటే నాఫ్టాలో, కారు విలువలో మూడు దేశాల వాటా 62.5 శాతం ఉంటే సరిపోయేది. దానిని 75 శాతానికి పెంచారు. వాహనం విలువలో 40 నుంచి 45 శాతం, గంటకు సగటున 16 డాలర్లకు తగ్గని కూలి ఇచ్చే చోట తయారు కావాలన్నారు. ఎక్కడ ఏమి తయారు చేయాలో, ఎవరికెంత కూలి ఇవ్వాలో రాసిపెట్టే పత్రాన్ని స్వేచ్ఛా వాణిజ్యమని పిలవడానికి నాకు నోరు రాదు. అప్పట్లో ఈ నిబంధన తప్పిన కారు మీద పడే అమెరికా సుంకం 2.5 శాతమే కాబట్టి తయారీదారు దానిని కట్టి ఊరుకోగలిగేవాడు. పికప్ ట్రక్కు మీద మాత్రం 25 శాతం. యూరప్‌తో కోడిమాంసం తగాదాలో 1964లో వేసిన ఆ సుంకాన్ని కొత్త ఒప్పందం ముట్టుకోనైనా లేదు.