సంగటి తింటూనే బరువు తగ్గుతున్నా

బరువు తగ్గాలనుకున్నాక నాకు బాగా సాయం చేసింది మా చిత్తూరు సంగటే. సాయంత్రం బిస్కెట్లు, మిక్చర్ ప్యాకెట్లు మానేశాను. మధ్యాహ్నం రాగి సంగటి, అనపగింజల పులుసు, ఏదో ఒక ఆకుకూర. ఒక ముద్ద తిన్నానంటే పొద్దుగూకేదాకా ఆకలి ఊసే ఉండదు. అనపకాయల సీజన్లో అయితే ఇది డైట్ అని కూడా అనిపించదు, నిజంగా పండగే!

2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం 20 మందిని ఒకేచోట ఉంచి చూసింది. రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి (ఫ్యాక్టరీలో తయారయ్యే ప్యాకెట్ తిండి లాంటిది), రెండు వారాలు మామూలు తిండి, ఎవరికి ఎంత కావాలంటే అంత. ప్రాసెస్డ్ తిండి ఉన్నప్పుడు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. బరువు కూడా దాదాపు 0.9 కిలో పెరిగారు, మామూలు తిండితో అంతే తగ్గారు. ఇది చదివాక నా నమ్మకం గట్టిపడింది.

ఇంటి తిండి కదా అని లెక్క లేకుండా మాత్రం తినకూడదు. 100 గ్రాముల చెనక్కాయల్లో 500 కేలరీలకు పైనే ఉంటాయి. చెనక్కాయలతో నూరే ఊరిబిండి లేని సంగటి నాకు దిగదు, అందుకే కొంచెమే వేసుకుంటున్నా. చెనక్కాయలు తగ్గించి రుచిగా నూరే పద్ధతి తెలిస్తే చెప్పండి.